పై వంటిల్లు

నెల్లో డి సబాతినో ఇంట్లో వంటిళ్ళు రెండు. ఒకటి వండుకోవడానికి, ఇంకొకటి చూసుకోవడానికి.

వండుకునేది కింద, బేస్‌మెంటులో. పదమూడు మెట్లు దిగాలి. సున్నం కొట్టిన గోడలు, నాలుగు మంటల పాత పొయ్యి, పన్నెండుమంది పట్టే చెక్కబల్ల, పైకప్పును ఆనుకుని అరచెయ్యంత కిటికీ. పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ నెల్లో తిన్న తిండంతా ఆ బల్ల దగ్గరే. చూసుకునేది పైన, ముందుగదిని ఆనుకుని ఉంటుంది. అత్తగారు ముచ్చటపడి చేయించుకున్న ఓక్ చెక్క అలమరలు, మచ్చలేని గట్టు, పెళ్ళికి మామగారు కొనిచ్చిన పొయ్యి. పొయ్యి మీద కుట్టుపని చేసిన గుడ్డ, గుడ్డ మీద పింగాణీ కోడిపుంజు. ఒవెన్‌లో పండగపూట బల్లమీద పరిచే బట్టలు ఇస్త్రీ మడతలు నలగకుండా ఉండేవి. లొరెట్టా ప్రతి శుక్రవారం ఆ వంటింటిని తుడిచేది. మురికి పట్టి కాదు, శుక్రవారం వచ్చింది కనక.

ఇది ఆ ఒక్క ఇంటి వింత కాదు. పిట్స్‌బర్గ్‌లో, బ్లూమ్‌ఫీల్డ్ వీధుల్లో, తాతలు ఇటలీనుంచి వచ్చి కుదురుకున్న ఇళ్ళన్నిటా అంతే. చర్చి ఫాదరు భోజనానికొస్తే ఆయన్ని పై వంటింటి గుమ్మం దగ్గర ఒక్క నిమిషం నిలబెట్టి, చూడనిచ్చి, కిందికి తీసుకెళ్ళి వడ్డిస్తారు.

లొరెట్టా పోయి మూడేళ్ళయింది. పిల్లలు లేరు. నెల్లోకి డెబ్భై మూడు. హైస్కూల్లో ముప్పై ఆరేళ్ళు భూగోళం చెప్పి, నల్లబల్ల ముందు నిలబడి నిలబడి మోకాళ్ళు అరగదీసుకున్నాడు. పోయిన నవంబరులో కూరగాయల సంచితో కిందికి దిగుతూ ఏడో మెట్టు మీద జారాడు. ఎముక విరగలేదు, అదొక దయ. టమాటాలు దొర్లుకుంటూ పోయి సరిగ్గా పొయ్యి ముందు ఆగాయి, మూడే చితికాయి, అది ఇంకో దయ. డాక్టరు మాత్రం కట్టె విరిచినట్టు చెప్పాడు. మెట్లు లేని ఇల్లు చూసుకోమన్నాడు.

పడగ్గది, స్నానాలగది, ముందుగది అన్నీ ఒకే అంతస్తులో ఉన్న ఇల్లది. అతనికి మెట్లతో పనిపడేది తిండి కోసమే. పైనే వండుకోవచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. ఆ వీధిలో ఎవరూ అడగలేదు. నెల్లోకీ తోచలేదు. చర్చి పీఠం మీద బట్టలు ఆరేసుకోవచ్చు కదా అని ఎవరికి తోస్తుంది?

అందుకని ఇల్లు అమ్మకానికి పెట్టాలని నిశ్చయమైంది. ఊరి శివార్లలో మన్రోవిల్ దగ్గర, పెద్దవాళ్ళ కోసం కట్టిన భవనంలో ఒక ఫ్లాటు చూశారు. జూన్ మొదటివారం దాకా అతని పేరు మీద ఆపుతామన్నారు. శుభ్రంగా ఉంది. కిటికీలోంచి కార్ల పార్కింగు కనిపిస్తుంది. నెల్లో అక్కడ కుర్చీలో పది నిమిషాలు కూర్చుని చూశాడు. ఆ పది నిమిషాల్లో పేరుపెట్టి పలకరించదగిన మనిషి ఒక్కడూ కిటికీ ముందు నుంచి పోలేదు. ఇల్లు వదలాలన్న కోరిక అతనికి అణుమాత్రం లేదు. కానీ మోకాళ్ళతో వాదించి గెలిచినవాడు ఎవడున్నాడు?

ఇల్లు అమ్మిపెట్టే పని బ్రిజిట్ ఫాలన్ తీసుకుంది. ఆమె ఒకప్పుడు అతని విద్యార్థిని. ఆఫ్రికా నదుల పరీక్షలో రెండుసార్లు తప్పింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఇళ్ళు అమ్మడంలో ఆమెదే పైచెయ్యి. అయినా అతని ముందు నిలబడితే చేతులు వెనక్కి కట్టుకుంటుంది. ఇల్లంతా తిరిగి చూసి, పై వంటింటి మధ్యలో ఆగి, తన పని మొదలుపెట్టింది. ఇల్లు కొనేవాళ్ళు ముందు చూసేది వంటిల్లే, ఆఖర్న గుర్తుపెట్టుకునేదీ వంటిల్లే అంది. పగలగొట్టి కొత్తది కట్టక్కర్లేదు, ఆ ఖర్చు తిరిగి రాదు. అలమరలు పీకకుండా రంగు వేస్తే చాలు. ఇత్తడి పిడులు తీసి కొత్తవి బిగించాలి. కుళాయి మార్చాలి. పొయ్యి వెనక గోడకి తెల్ల పింగాణీ పలకలు అంటించాలి. అలమరల అడుగున సన్న దీపాల పట్టీ పెట్టాలి. కింది వంటింటిని ఏమనాలో తనకి ఇంకా తెలియడం లేదు, బహుశా "అదనపు గది" అని రాస్తుంది.

"మాస్టారూ, ఇప్పుడున్న ఈ వంటింటికి మీరయితే ఎన్ని మార్కులేస్తారు?" అని అడిగింది.

"నలభై," అన్నాడు నెల్లో. "నువ్వు నైలు నదికి తెచ్చుకున్నన్ని."

రంగువేసే పనికి తోడు ఎల్వీరా వచ్చింది. లొరెట్టా చెల్లెలు. రెండిళ్ళ అవతల ఉంటుంది. అరవై ఆరేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, మొహమాటమూ పెట్టుకోలేదు. బావని ఇల్లు దాటించే పనికి సాయపడటం ఆమెకి బొత్తిగా ఇష్టం లేదు. కానీ ఆ మాట అనకుండా రంగుల మీద విరుచుకుపడింది. బ్రిజిట్ చెప్పిన తెలుపు ఆస్పత్రి తెలుపు. రెండోది పంటిమీద పాచి. చివరికి మజ్జిగరంగుకి ఒప్పుకుంది, అదీ ముక్కు విరుస్తూనే.

లిబర్టీ అవెన్యూలో కాజ్ అనే పోలిష్ ముసలాయన హార్డ్‌వేర్ కొట్టు ఉంది. కాజ్ సామాను కట్టిస్తూ వరస చెప్పాడు. అలమరల తలుపులు విప్పండి, ముందు జిడ్డు వదిలే మందుతో కడగండి, తర్వాత ఉప్పుకాగితంతో రుద్దండి, తర్వాత రంగు పట్టి నిలవడానికి అడుగుపూత, ప్రైమరు, ఆ తర్వాతే రంగు. వంటింటి తలుపులకి జిడ్డు పోకపోతే దేవుడు దిగొచ్చి వేసినా రంగు నిలవదు అన్నాడు. జిడ్డు మందు సీసా బల్లమీద పెట్టాడు.

ఎల్వీరా ఆ సీసాని ఒక వేలితో వెనక్కి తోసింది. "మా అక్క పై వంటింట్లో జిడ్డా? ఆ మాట ఇంకోసారి అనకు. ఆ వంటింట్లో నలభయ్యేళ్ళలో మంచినీళ్ళు కూడా కాగలేదు."

కాజ్ భుజాలెగరేశాడు. నెల్లో జీవితమంతా పాఠాలు వరసతప్పకుండా చెప్పినవాడు, వరసలో ఒక మెట్టు దాటెయ్యడం అతనికి కొంచెం గిలిగా అనిపించింది. కానీ నిజమే కదా, లేని జిడ్డుని ఎలా కడుగుతారు? సీసా కొట్లోనే ఉండిపోయింది.

తలుపులు పద్దెనిమిది. ఏది ఎక్కడిదో వెనకవైపు పెన్సిలుతో అంకె వేసుకుంటూ విప్పారు. ముందుగదిలో పాత దుప్పట్లు పరిచి వరసగా పడుకోబెట్టారు. రుద్దారు, తుడిచారు, ప్రైమరు పూశారు. నెల్లో స్టూలు మీద కూర్చుని పూస్తే, ఎల్వీరా వంగి వెతికి, వదిలేసిన చోటల్లా చూపించి, తనెంత బాగా పూసిందో పక్కనే పెట్టి చూపించేది. పదిహేడు తలుపుల మీద ప్రైమరు నున్నగా పరుచుకుంది. పదకొండో నంబరు తలుపు మీద మాత్రం పరుచుకోనంది. కుంచె వెళ్ళిన దారిలోనే ముడుచుకుపోయి, చిన్న చిన్న గుంటలు పడి, కింద చెక్క బయటపడింది. ఆరనిచ్చి మళ్ళీ పూశాడు. మళ్ళీ అంతే. గోటితో గీకితే పొరలా లేచొచ్చింది.

పదకొండోది పొయ్యికి ఎడమపక్క పైన ఉండే తలుపు.

ఎల్వీరా ప్రైమరు డబ్బానే నకిలీది అంది. అదే డబ్బా మిగిలిన పదిహేడింటికీ పనికొచ్చిందని నెల్లో గుర్తుచేశాడు. అయితే చెక్కలో లోపం అంది. ఆ తర్వాత, ఆమె స్వభావానికి విరుద్ధంగా, వాదన ఆపేసింది. తలుపుని చంకన పెట్టుకుని ఇద్దరూ కాజ్ కొట్టుకి వెళ్ళారు. కాజ్ లేచిన పొరని గీకి, కింద చెక్కని మందులో ముంచిన గుడ్డతో రెండుసార్లు రుద్ది, గుడ్డ తిప్పి చూపించాడు. గుడ్డ తేనెరంగులో ఉంది.

"వంటజిడ్డే," అన్నాడు కాజ్. "ఒక్కరోజుది కాదు. ఒక చలికాలమంతా వెల్లుల్లి వేయిస్తే ఇంత పడుతుంది." ఎల్వీరా ముఖం చూసి, "నాకు తెలిసింది తలుపులేనమ్మా, మనుషుల సంగతి నాకు తెలియదు," అని లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి వచ్చి, మొన్న వదిలేసిన సీసాని చప్పుడు కాకుండా సంచిలో పెట్టాడు.

బయట కారులో కూర్చున్నాక నెల్లో తాళంచెవి తిప్పలేదు. ఎల్వీరా ఒళ్ళో తలుపు పెట్టుకుని, దాని అంచు పట్టుకుని ఎదురుగా రోడ్డు వంక చూస్తోంది.

"అక్కే," అంది.

నెల్లో ఆమె వైపు తిరిగాడు.

"ఆ ఆఖరి చలికాలం, థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళాక అక్క ఒక్కపూట కూడా కింద వండలేదు బావా."

"నేను రోజూ తిన్నానుగా."

"తిన్నావు. పైన వండింది కింద తిన్నావు."

అప్పుడు ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. గుండె జబ్బుతో లొరెట్టాకి మెట్లు ఎక్కి దిగడం రోజుకి ఒక్కసారికి మించి సాధ్యమయ్యేది కాదు. ఉదయం నెల్లో లైబ్రరీకి వెళ్ళగానే ఎల్వీరా వచ్చేది. పొయ్యి మీది కోడిపుంజుని ఇద్దరూ కలిసి ముందుగదిలోకి తరలించేవాళ్ళు. లొరెట్టా పైన వండేది. ఉడికిన గిన్నెని ఎల్వీరా కిందికి మోసి, కింది పొయ్యి వెలిగించి దానిమీద పెట్టేది. పైన కిటికీలన్నీ బార్లా తెరిచి, మంచు పడుతున్నా సరే, వాసన పోగొట్టేది. ఆ తర్వాత అక్క చెయ్యి పట్టుకుని పదమూడు మెట్లూ దింపి, కింది పొయ్యి పక్క కుర్చీలో కూర్చోబెట్టి చేతికి గరిటె ఇచ్చేది. పన్నెండున్నరకి నెల్లో వచ్చేసరికి ఆమె పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నట్టు పాస్తాలోకి టమాటా పులుసు, సుగో, కలుపుతూ ఉండేది.

నెల్లోకి ఒకటి గుర్తొచ్చింది. ఒకరోజు ఇల్లంతా ఇంత చల్లగా ఉందేమిటని అడిగాడు. ఇంటికి గాలి మారాలి అంది లొరెట్టా. మారాలి కాబోలు అనుకుని స్వెట్టరు తెచ్చుకున్నాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"అంతకుముందు నెలలో నువ్వు మెట్లు లేని ఫ్లాటొకటి చూసొచ్చావు, గుర్తుందా? అక్కకి ఇల్లు వదలడం ఇష్టం లేదు. 'నేను మెట్లు దిగలేనని తెలిస్తే ఈయన రేపే సామాను సర్దేస్తాడు' అంది. నాచేత అమ్మమీద ఒట్టేయించుకుంది." ఎల్వీరా తలుపు అంచుని అరచేత్తో తుడిచింది. "పైగా పెళ్ళినాటి పొయ్యి మీద వెల్లుల్లి వేయించానని మొగుడికి ఏ మొహం పెట్టుకుని చెప్పుకుంటుంది?"

నెల్లో ఆమె ఒళ్ళోని తలుపు వంక చూస్తూ అడిగాడు. "పైన వండటం ఎలా ఉండేదట?"

"మొదట్లో దొంగతనంలా ఉండేది. నాలుగురోజులు పోయాక కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వీధిలో పోయేవాళ్ళని చూస్తూ ఉల్లిపాయలు తరిగేది. ఎవరు ఎవరితో పోతున్నారో అన్నీ నాకు చెప్పేది. 'ఎల్వీరా, నలభయ్యేళ్ళు గోడని చూస్తూ వండానే' అంది ఒకరోజు. నవ్వుతూనే అంది."

ఇంటికొచ్చాక పదకొండో తలుపుని తనే కడుగుతానన్నాడు నెల్లో. ఎల్వీరా సీసా అతని చేతికిచ్చి, చెప్పకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. వేడినీళ్ళ బకెట్టు పెట్టుకుని రుద్దుతుంటే గుడ్డ మీద తేనెరంగు దిగుతూ వచ్చింది. ఏడుపొస్తుందేమో అనుకున్నాడు. బదులుగా, కాగుతున్న గిన్నెతో మెట్ల మీద ఎల్వీరా, పక్కగదిలో సోఫా మీద బుద్ధిగా కూర్చున్న పింగాణీ కోడిపుంజు కళ్ళముందు కదిలాయి. ఒక్కడే నవ్వుకున్నాడు. లొరెట్టా అతనితో చెప్పిన అబద్ధాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఒక చలికాలమంతా రోజూ వేడివేడిగా వడ్డించిన అబద్ధం ఇదొక్కటే. రంగు నిలవాలంటే జిడ్డు మిగలకూడదు. మిగలకుండా కడిగాడు. ఈసారి ప్రైమరు వెన్నలా పరుచుకుంది.

ఆ పక్షం రోజుల్లో పై వంటిల్లు రూపు మారింది. మజ్జిగరంగు తలుపులు, నల్ల ఇనప పిడులు, మెడవంచిన కుళాయి. పొయ్యి వెనక తెల్ల పలకలు కాజ్ కొట్టు మనిషొచ్చి ఒక్క పూటలో అంటించాడు. అలమరల కింద దీపం వెలిగిస్తే గట్టంతా పొద్దుటి ఎండ పడ్డట్టుంది. బ్రిజిట్ వచ్చి చూసి, చేతులు వెనక్కి కట్టుకోవడం మర్చిపోయి చప్పట్లు కొట్టింది. శుక్రవారం పదకొండింటికి తనే వచ్చి ఫొటోలు తీస్తానంది. శనివారం ఇంటిముందు బోర్డు పెడుతుంది. అప్పటిదాకా గట్టు మీద చెంచా కూడా ఉండకూడదంది.

బుధవారం పొద్దున నెల్లో కాఫీ కోసం కిందికి దిగబోయి, మొదటిమెట్టు దగ్గర ఆగాడు. వెనక్కి వచ్చి, కోడిపుంజుని పక్కన పెట్టి, పెళ్ళినాటి పొయ్యి వెలిగించాడు. ఎవరో చూస్తున్నట్టు మెడ వెనక వేడెక్కింది. ఎవరూ ఏమీ అనలేదు. కాఫీ కాఫీలాగే ఉంది. గురువారం గుడ్లు వేయించుకున్నాడు. కిటికీ దగ్గర తింటుంటే ఒకప్పుడు తను పాఠం చెప్పిన పోస్ట్‌మాన్ ఆగి, ఈ పక్కనుంచి కనిపిస్తున్నారేమిటి మాస్టారూ అని చెయ్యూపాడు. ఆ సాయంత్రమే గోడ పట్టుకుని, మెట్టుకొకసారి ఆగుతూ కిందికి దిగి, సుగో వండే పెద్దగిన్నె పైకి తెచ్చుకున్నాడు.

శుక్రవారం పదింటికి ఎల్వీరా గది తుడవడానికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది. టమాటాలూ పంది ఎముకలూ వేసిన గిన్నె పైపొయ్యి మీద తాపీగా కాగుతోంది. కొత్త తెల్లపలకల మీద ఎర్రటి చుక్కలు ఆరేడు. నెల్లో కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద పళ్ళెం పెట్టుకుని చీజు తురుముతున్నాడు.

"మతి పోయిందా బావా? గంటలో ఆ పిల్ల ఫొటోలు తియ్యడానికి వస్తుంది."

"రానీ. తింటుంది."

"ఇల్లు అమ్ముతున్నావా లేదా?"

"నేనెక్కడికీ వెళ్ళడం లేదు, ఎల్వీరా. డాక్టరు మెట్లు మానమన్నాడు. మానేశాను." తురిమిన చీజు చేత్తో ఒకచోటికి చేర్చాడు. "మీ అక్క మూడేళ్ళ కిందటే దారి కనిపెట్టింది. నేను ఇప్పుడు తెలుసుకున్నాను."

ఎల్వీరా చేతిలో తుడిచే గుడ్డ అలాగే ఉంది. పలకల దగ్గరికి వెళ్ళింది, చుక్కల వంక చూసింది, తుడవబోయి ఆగింది. తర్వాత గరిటె అందుకుని సుగో రుచి చూసి, ఉప్పు తక్కువయిందని చెప్పడానికి వీపు తిప్పుకుంది. అలా తిప్పుకుని చాలాసేపు నిలబడింది. నెల్లో చీజు తురమడంలో మునిగినట్టు కూర్చున్నాడు.

బ్రిజిట్ కెమెరాతో వచ్చి సంగతి విని గట్టుకి ఆనుకుంది. మన్రోవిల్ వాళ్ళతో తను మాట్లాడుతుంది, అది పెద్ద కష్టం కాదు, వాళ్ళ దగ్గర ఎదురుచూసేవాళ్ళు చాలామంది ఉన్నారంది. అసలు కష్టం వేరే ఉందంది.

"మాస్టారూ, రెండు వారాలు తిరిగాను. ఈ వంటిల్లు చూస్తే జనం ఎగబడతారు. ఇప్పుడీ ఇల్లు ఎంత పలుకుతుందో తెలుసా మీకు?"

తెలియదన్నాడు. ఆమె చెప్పింది. అతను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ.

"అంత విలువైన ఇల్లు ఎవరైనా వదులుకుంటారా?" అన్నాడు నెల్లో.

బ్రిజిట్ అతని ముఖంలోకి చూసి, పరీక్షలో తప్పిన పిల్లలా పెదవి కొరుక్కుని, చివరికి నవ్వేసింది. ఎలాగూ కెమెరా తెచ్చాను కదా అని ఒక్క ఫొటో తీసుకుంది, గిన్నెతో సహా. తర్వాత కోటు విప్పి, పళ్ళేలు ఎక్కడున్నాయని అడిగింది. పళ్ళేలన్నీ కిందే ఉన్నాయి. ఎవరూ కదలకముందే తనే మెట్లు దిగి వెళ్ళింది.

పాస్తా నీళ్ళు మరుగుతుండగా వీధిలో అడుగుల చప్పుడు ఆగింది. ఎదురింటి మిసెస్ ఇయనొట్టి, ఎనభై ఏళ్ళావిడ, చేతిలో రొట్టెల సంచితో పేవ్‌మెంటు మీద నిలబడి ఉంది. పై వంటింటి కిటికీ అద్దం నిండా ఆవిరి పట్టి ఉంటే, మంటలార్పేవాళ్ళని పిలవాలా, ఫాదరుని పిలవాలా తేల్చుకోలేనట్టు చూస్తోంది. ఎల్వీరా చెవులు ఎర్రబడ్డాయి. ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత గరిటె చేతిలో అలాగే ఉంచుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, అద్దం పైకెత్తింది.

"నిలబడి చూస్తావేం పిన్నీ, లోపలికి రా. పైనే తింటున్నాం."

నెల్లో మరుగుతున్న నీళ్ళలో ఇంకో గుప్పెడు పాస్తా వేశాడు.